చిన్న బోర్డు మీద ర్యామ్ వేగం ఎంతవరకు పెంచొచ్చు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: తక్కువ ధర మదర్‌బోర్డు మీద ర్యామ్‌ని ఓవర్‌క్లాక్ చేయడం, అంటే మామూలు వేగానికి మించి నడపడం. మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: బీ450 బోర్డు, రైజెన్ 5 3600, 8 జీబీ స్టిక్స్ రెండు ఉన్నాయి. స్టిక్స్ మీద 3200 అని రాసి ఉంది. టాస్క్ మేనేజర్ మాత్రం 2133 అంటోంది, కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జడ్ ప్రోగ్రామ్ అయితే 1066 అంటోంది. నాకు నకిలీ స్టిక్స్ అంటగట్టారా?

జవాబు: లేదు, మీ స్టిక్స్ మంచివే. ప్రతి స్టిక్ మీద ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం 1.2 వోల్టులతో నడిచే వేగాలు రాసి ఉంటాయి. ఓవర్‌క్లాకింగ్ కోసం అమ్మే స్టిక్స్‌లో దాంతోపాటు తయారీదారు ఇచ్చిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ కూడా ఉంటుంది. మీ 3200 ఆ ప్రొఫైల్‌లోది, సాధారణంగా 1.35 వోల్టుల మీద. మీరు చెప్పేదాకా బోర్డు జెడెక్ వేగంతోనే ఆన్ అవుతుంది. బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు బోర్డు సెట్టింగులు మార్చే తెరలోకి, వెళ్లి ఆ ప్రొఫైల్‌ని ఎంచుకుని సేవ్ చేయండి. ఏఎండీ బోర్డుల్లో ఆసుస్ దీన్ని డీఓసీపీ అని, ఎంఎస్‌ఐ ఏ-ఎక్స్‌ఎంపీ అని పిలుస్తాయి.

ఇక 1066 సంగతి. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది. సీపీయూ-జడ్ అసలు క్లాక్‌ని చూపిస్తుంది, టాస్క్ మేనేజర్ రెట్టింపు సంఖ్యని చూపిస్తుంది. ప్రొఫైల్ పట్టుకున్నాక సీపీయూ-జడ్‌లో 1600కి అటూ ఇటూగా కనిపించాలి.

పనిలో పనిగా స్టిక్స్ ఏ స్లాట్లలో ఉన్నాయో కూడా చూడండి. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. చవక బోర్డుల్లో రెండేసి స్లాట్లు ఒకే తీగ మీద వరసగా ఉంటాయి. స్టిక్ మొదటి స్లాట్‌లో ఉండి, చివరి స్లాట్ ఖాళీగా ఉంటే సిగ్నల్ ఆ ఖాళీ కొస దాకా వెళ్లి వెనక్కి తన్నుతుంది. 2133 దగ్గర దాని ప్రభావం తెలియదు, 3200 దాటాక బూట్ కాకుండా చేసేది చాలాసార్లు ఇదే. రెండే స్లాట్లున్న బోర్డులకు ఈ బెడద లేదు. ఓవర్‌క్లాకింగ్ విషయంలో అవి తమ ధరకు మించి పనిచేస్తాయి.

ప్రశ్న: నాదీ అదే ప్రాసెసర్, బోర్డు బీ450. స్టిక్స్ 3200 సీఎల్16. ఎక్స్‌ఎంపీ బాగానే నడుస్తోంది. ఇవే స్టిక్స్‌తో 3600కి వెళ్లాలంటే ఏయే అంకెలు ఎక్కడ మార్చాలి? నిజంగా లాభం ఉంటుందా?

జవాబు: ముందు లాభం లెక్క. సీఎల్ అంటే అడిగిన డేటాని ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాకుల సంఖ్య. దాన్ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16 అంటే 10. 3600 సీఎల్18 అన్నా 10 మాత్రమే. 3600 సీఎల్16 అయితే 8.9. అంటే సీఎల్ పెంచి 3600కి వెళ్తే స్టిక్ వైపు ఆలస్యంలో తేడా ఉండదు. కానీ రైజెన్‌లో ఇంకో లాభం ఉంది. ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్, అంటే ఎఫ్‌క్లాక్, ర్యామ్ క్లాక్‌తో సమానంగా నడుస్తుంది. ర్యామ్ 3600కి వెళ్తే ఎఫ్‌క్లాక్ 1600 నుంచి 1800 అవుతుంది. అసలు ఫలితం అక్కడినుంచే వస్తుంది. 3600 దాటితే మాత్రం ఆటో సెట్టింగులో ఉన్న బోర్డు, ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్‌ని సగం వేగానికి దించేస్తుంది, ఆలస్యం ఒక్కసారిగా పెరుగుతుంది. 4000 అని తెర మీద చూసి సంతోషపడేవాళ్ల కంప్యూటర్ చాలాసార్లు 3600 కన్నా నెమ్మదిగా నడిచేది ఇందుకే. మీ ప్రాసెసర్‌కి 3600 దగ్గర ఆగడమే సరైన పని.

ఇప్పుడు పద్ధతి. బయోస్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. బయోస్ లోపల ఏఎండీ ఇచ్చే అజీసా కోడ్ మారినప్పుడల్లా మెమరీ ట్రైనింగ్, అంటే ఆన్ అయ్యేటప్పుడు బోర్డు ర్యామ్‌తో సిగ్నళ్లు సరిచూసుకునే పని, మెరుగవుతూ వచ్చింది. అప్‌డేట్‌కి ముందు అన్ని సెట్టింగులూ డీఫాల్ట్‌కి తెచ్చుకోండి. అస్థిరంగా ఉన్న ర్యామ్‌తో బయోస్ ఫ్లాష్ చేస్తే బోర్డే పోవచ్చు. తర్వాత ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, ర్యామ్ టైమింగులు చూపే జెన్‌టైమింగ్స్ ప్రోగ్రామ్ తెరిచి, కనిపించిన అంకెలన్నీ ఫొటో తీసుకోండి. వెనక్కి రావాల్సి వస్తే అదే దారి.

బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి, మెమరీ వేగం 3600, ఎఫ్‌క్లాక్ 1800 అని చేత్తో పెట్టండి. మొదటి నాలుగు టైమింగులు (సీఎల్, టీఆర్‌సీడీ, టీఆర్‌పీ, టీఆర్‌ఏఎస్; ఒక్కో పనికి ర్యామ్ ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పే అంకెలు) కావాలనే వదులుగా 18-22-22-42 పెట్టండి. ర్యామ్ వోల్టేజి 1.38 లేదా 1.40. మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి ఇచ్చే సాక్ వోల్టేజి 1.10కి మించనక్కర్లేదు. దీన్ని ఆటోలో వదలకండి, కొన్ని బోర్డులు ఎక్స్‌ఎంపీ వేయగానే దాన్ని అవసరానికి మించి పెంచేస్తాయి. మీ బోర్డు లాంటి ఏఎం4 సాకెట్ బోర్డుల మీద 1.20 దాటడం మంచిది కాదు. ర్యామ్‌కి ఆదేశాలు పంపే వేగాన్ని సగానికి తగ్గించే గేర్ డౌన్ మోడ్ ఆన్‌లోనే ఉంచండి. నాలుగు పొరల సర్క్యూట్ ఉన్న చవక బోర్డుకి అది పెద్ద ఆసరా. ఒక్కటి గుర్తుంచుకోండి, అది ఆన్‌లో ఉన్నప్పుడు బేసి సీఎల్ చెల్లదు. మీరు 15 పెడితే 16గా నడుస్తుంది.

బూట్ అయ్యి, పరీక్షలో నిలబడ్డాకే బిగించడం మొదలుపెట్టాలి. ఒకసారికి ఒక్క అంకే మార్చండి. సీఎల్ 18 నుంచి 16. ఆ తర్వాత టీఆర్‌సీడీ, టీఆర్‌పీ ఒక్కొక్కటిగా దించుకుంటూ రండి. మీ స్టిక్‌లో మైక్రాన్ కంపెనీ ఈ-డై రకం చిప్‌లు ఉంటే వోల్టేజి పెంచితే సీఎల్ బాగా దిగుతుంది, టీఆర్‌సీడీ మాత్రం ఎంత వోల్టేజి ఇచ్చినా మొరాయిస్తుంది. అక్కడ తంటాలు పడకుండా వదిలేయండి.

చాలామంది ఆ నాలుగంకెల దగ్గరే ఆగిపోతారు. రిఫ్రెష్‌కి పట్టే సమయాన్ని చెప్పే టీఆర్‌ఎఫ్‌సీని పట్టించుకోరు, అక్కడ దొరికేది చాలా ఉంది. ర్యామ్‌లోని విద్యుదావేశం కారిపోకుండా ప్రతి 7.8 మైక్రోసెకన్లకి ఒకసారి రిఫ్రెష్ జరుగుతుంది. 8 గిగాబిట్ చిప్‌కి జెడెక్ ఇచ్చిన రిఫ్రెష్ సమయం 350 నానోసెకన్లు. అంతసేపూ ఆ చిప్ మీ పని చేయదు. అంటే దాదాపు 4.5 శాతం సమయం రిఫ్రెష్‌కే పోతోంది. 3600 దగ్గర 350 నానోసెకన్లంటే 630 క్లాకులు, బయోస్‌లో ఆటోగా కనిపించేది ఆ చుట్టుపక్కలే. 300 నానోసెకన్లకి దించాలంటే 540 పెట్టాలి. చాలా చిప్‌లు దీనికి ఒప్పుకుంటాయి. శాంసంగ్ బీ-డై అయితే ఇందులో సగానికి కూడా దిగుతుంది. 20, 20 చొప్పున తగ్గిస్తూ ప్రతిసారీ పరీక్ష చేయండి.

దాని తర్వాత, ర్యామ్‌లో వరసలు తెరవడానికి మధ్య విరామాల్ని చెప్పే అంకెలు: టీఆర్‌ఆర్‌డీఎస్ 6, టీఆర్‌ఆర్‌డీఎల్ 8, టీఎఫ్‌ఏడబ్ల్యూ 24. ఇవి నిలబడితే 4, 6, 16. టీఎఫ్‌ఏడబ్ల్యూని టీఆర్‌ఆర్‌డీఎస్‌కి నాలుగు రెట్ల కన్నా తక్కువ పెట్టడంలో అర్థం లేదు. మిగతావన్నీ ఆటోలో వదిలేయొచ్చు.

ప్రశ్న: 3600 పెట్టి సేవ్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. బోర్డు పోయిందా?

జవాబు: పోలేదు. ముందు కంగారుపడి పవర్ తీసేయకండి. కొత్త వేగం పెట్టిన ప్రతిసారీ బోర్డు మెమరీని ట్రైన్ చేస్తుంది. కుదరకపోతే తనంతట తానే రెండు మూడుసార్లు ఆగి, మళ్లీ మొదలై, చివరికి డీఫాల్ట్ వేగంతో లేస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి చూడండి.

అప్పటికీ తెర రాకపోతే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే దాచి ఉన్న బయోస్ సెట్టింగుల్ని చెరిపేయాలి. పవర్ సప్లై వెనక స్విచ్ ఆపి, తీగ పీకి, కేస్ మీది పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు అంతా దిగిపోతుంది. బోర్డు మీద సీఎల్ఆర్ సీమాస్ లేదా సీఎల్‌ఆర్‌టీసీ అని రాసి ఉన్న రెండు పిన్నులు, ఎక్కువగా అడుగు అంచున, కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెంటినీ పది సెకన్లు కలిపి ఉంచండి. పక్క పిన్నులకి తగలనివ్వకండి. పిన్నులు దొరక్కపోతే గుండ్రని సీఆర్2032 బ్యాటరీని తీసి, అయిదు నిమిషాల తర్వాత మళ్లీ పెట్టండి. చిన్న బోర్డుల్లో ఈ బ్యాటరీ గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కుని ఉండటం మామూలే, అప్పుడు కార్డు తీయక తప్పదు.

క్లియర్ చేశాక బయోస్‌లో మీరు మార్చినవన్నీ పోతాయి: బూట్ వరస, ఫ్యాన్ వేగాలు, పాత పద్ధతి బూట్‌కి వీలిచ్చే సీఎస్‌ఎం. విండోస్ పాత లెగసీ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉంటే సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేసేదాకా డిస్క్ బూట్ కాదు. డిస్క్‌కి విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఉంటే రికవరీ కీ అడగొచ్చు. కాబట్టి ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టకముందే ఆ కీని ఫోన్‌లోనో కాగితం మీదో దాచుకోండి.

ప్రశ్న: హెచ్410 బోర్డు, ఐ5-10400. 3200 స్టిక్స్ కొన్నాను. 2666 దాటి వెళ్లడం లేదు. ఏం చేయాలి?

జవాబు: వేగం పెంచే దారి లేదు. 10వ తరం ఐ5కి హెచ్410, బీ460 చిప్‌సెట్ల మీద ఇంటెల్ పెట్టిన హద్దు 2666. బయోస్ మార్చినా, వోల్టేజి పెంచినా అది కదలదు. మధ్యతరగతి చిప్‌సెట్లలో ర్యామ్ ఓవర్‌క్లాకింగ్‌కి ఇంటెల్ తలుపు తెరిచింది 2021లో, బీ560తో. బీ660, బీ760లకూ ఆ వీలుంది. హెచ్510, హెచ్610లకు లేదు. కొనేముందు చూడాల్సింది ఈ ఒక్క అక్షరం, అంకెలే. ఏఎండీ వైపు ఏ320, ఏ520 లాంటి అట్టడుగు బోర్డులు కూడా ర్యామ్ వేగాన్ని పెంచనిస్తాయి, ప్రాసెసర్‌నే పెంచనివ్వవు.

మీరు కొన్న స్టిక్స్ వృథా కాలేదు. 3200 సీఎల్16ని తట్టుకునే స్టిక్ 2666 దగ్గర ఇంకా బిగువైన టైమింగుల్ని మోయగలదు. జెడెక్ లెక్కన సీఎల్19 ఉంటే 14.25 నానోసెకన్లు. మీ బయోస్‌లో టైమింగులు మార్చే వీలుంటే 1.35 వోల్టులతో సీఎల్14 ప్రయత్నించండి, 10.5కి దిగుతుంది. వీడియో గేముల్లో కొంత తేడా ఉండొచ్చు.

ప్రశ్న: 3600లో విండోస్ చక్కగా వస్తోంది, రోజంతా బ్రౌజర్ వాడినా ఏమీ కాదు. కానీ గేమ్ గంటసేపు ఆడితే మూసుకుపోతోంది. ఒకట్రెండు జిప్ ఫైళ్లు తెరుచుకోవడం లేదు. గేమ్ లోపమా, ర్యామ్ లోపమా?

జవాబు: ర్యామే. ఈ క్షణమే ఎక్స్‌ఎంపీకి, వీలైతే డీఫాల్ట్‌కి వెనక్కి రండి. జిప్ ఫైళ్లు తెరుచుకోకపోవడం మామూలు సూచన కాదు. ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడ్డాక అదే ఫైలు డిస్క్‌కి రాసుకుంటే, తప్పు శాశ్వతంగా అక్కడే ఉండిపోతుంది. తర్వాత మీరు సెట్టింగు సరిచేసినా ఆ ఫైలు బాగుపడదు. గేమ్ పోతే మళ్లీ దింపుకోవచ్చు, ఫొటోలు పోతే తెచ్చేవాళ్లు లేరు. అందుకే ముఖ్యమైన ఫైళ్లకి బ్యాకప్ లేకుండా ఈ పనికి దిగకండి. డీఫాల్ట్‌కి వచ్చాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడిపి విండోస్ ఫైళ్లు దెబ్బతిన్నాయేమో చూడండి.

పరీక్ష రెండు అంచెల్లో ఉండాలి. కొత్త వేగం పెట్టాక నేరుగా విండోస్‌లోకి వెళ్లకుండా, పెన్‌డ్రైవ్ మీద మెమ్‌టెస్ట్86 పెట్టుకుని అందులోంచి బూట్ చేయండి. పెద్ద తప్పులన్నీ అక్కడే బయటపడతాయి, మీ డిస్క్‌కి ప్రమాదం ఉండదు. అది దాటాక విండోస్‌లో టెస్ట్‌మెమ్5 గానీ, డబ్బులిచ్చి కొనుక్కునే కార్హు గానీ నడపండి. మెమ్‌టెస్ట్86 తేలిక పరీక్ష, అందులో పాసై ఇక్కడ పడిపోయేవి ఎన్నో ఉంటాయి. చివరి సెట్టింగుని రాత్రంతా వదలండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఫెయిలే, 'ఒక్కటే కదా' అనుకోవద్దు.

ఎఫ్‌క్లాక్ తప్పులు ఈ పరీక్షల్లో దొరక్కపోవచ్చు. వాటికి వేరే గుర్తులున్నాయి. పాట వింటుంటే చిటపట శబ్దం, యూఎస్‌బీ పరికరం ఊడి మళ్లీ తగులుకోవడం, విండోస్ లోపాల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో వీహా-లాగర్ పేరుతో 19వ నంబరు హెచ్చరికలు. ఇవి కనిపిస్తే ఎఫ్‌క్లాక్ 1800 నుంచి 1733కి, ర్యామ్ 3466కి దించండి. ప్రైమ్95లో లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ నడిపితే ఈ రకం తప్పులు తొందరగా బయటపడతాయి.

మీ విషయంలో 'గంట తర్వాత' అన్న మాట మాకు వేడిని గుర్తుచేస్తోంది. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి తిన్నగా స్టిక్స్ మీదికే పోతుంది. వేడెక్కిన కొద్దీ ఆవేశం త్వరగా కారిపోతుంది, అప్పుడు బిగించిన టీఆర్‌ఎఫ్‌సీ ముందుగా చేతులెత్తేస్తుంది. ర్యామ్ పరీక్ష నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డుకి కూడా లోడ్ ఇచ్చి చూడండి. అప్పుడే ఎర్రర్లు వస్తే టీఆర్‌ఎఫ్‌సీని 40, 50 క్లాకులు వదులు చేయండి, వోల్టేజి 1.40లో ఉంటే 1.37కి దించండి. స్టిక్స్ మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్ ఒకటి పెట్టినా సమస్య తీరొచ్చు. ఇక్కడ వోల్టేజి పెంచడం మందు కాదు, రోగాన్ని పెంచడమే.

ప్రశ్న: 3200లో నడుస్తున్న రెండు 8 జీబీ స్టిక్స్‌కి తోడు అంతే సైజులో వేరే కంపెనీవి 3200 రెండు కొన్నాను. నాలుగూ పెడితే 3200 పట్టుకోవడం లేదు. విడివిడిగా రెండు జతలూ బాగానే పనిచేస్తున్నాయి.

జవాబు: ఒక్కో తీగ మీద రెండేసి స్టిక్స్ పెడితే మెమరీ కంట్రోలర్ మీద భారం రెట్టింపు అవుతుంది. పైగా రెండు జతల చిప్‌లు వేరైతే ఒకరికి నచ్చిన టైమింగు ఇంకొకరికి నప్పదు. పైన అంటించిన లేబుల్ ఒకటే అయినా లోపలి చిప్ వేరుగా ఉండటం చాలా మామూలు.

స్టిక్‌లోని ఎస్‌పీడీని చదివే థైఫూన్ బర్నర్ ప్రోగ్రామ్‌తో చిప్‌లు ఎవరివో చూడండి. ప్రతి టైమింగుకీ రెండు జతల ప్రొఫైళ్లలో పెద్ద అంకెని తీసుకుని చేత్తో పెట్టండి. టీఆర్‌ఎఫ్‌సీ 560, అంటే 3200 దగ్గర 350 నానోసెకన్లు. కమాండ్ రేట్ 2టీ లేదా గేర్ డౌన్ ఆన్. బిగువైన జతని ప్రాసెసర్‌కి దూరంగా ఉన్న స్లాట్లలో పెట్టాలన్న సలహా వినే ఉంటారు, దానికన్నా ఒకే జతలోని రెండింటినీ రెండు వేర్వేరు చానెళ్లకి, అంటే వేర్వేరు తీగలకి, పంచడం ముఖ్యం. రెండు, నాలుగు స్లాట్లలో ఒక జత, ఒకటి, మూడు స్లాట్లలో ఇంకో జత.

ఇంత చేసినా కుదరకపోతే బయోస్‌లో ప్రాసెసర్ వైపు సిగ్నల్ నిరోధాన్ని చెప్పే ప్రాక్‌ఓడీటీ విలువని 40 నుంచి 60 ఓమ్‌ల మధ్య మార్చి చూడండి. అప్పటికీ కాకపోతే 2933కి దిగండి, బాధపడాల్సిందేమీ లేదు. మెమరీ చాలక డిస్క్ మీదికి పోయే కంప్యూటర్‌కి 2933లో 32 జీబీ ఎంతో మేలు. మీ పనికి 16 జీబీ చాలుతుంటే మాత్రం కొత్త జతని తీసేయడమే మా సలహా.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు లేదు, రైజెన్ 5 5600జీ, ఏ520 బోర్డు, ఒకే 16 జీబీ స్టిక్. ఓవర్‌క్లాక్ చేస్తే గేములు వేగంగా ఆడతాయా?

జవాబు: ముందు రెండో స్టిక్ వేయండి. 3200 స్టిక్ ఒక్కటి సెకనుకి 25.6 జీబీ ఇస్తుంది, రెండైతే 51.2. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ దారిలోనే డేటా తెచ్చుకోవాలి. ఏ ఓవర్‌క్లాకింగూ ఇంత తేడా తేలేదు. రెండు స్టిక్స్ అయ్యాక వేగం పెంచితే, విడిగా కార్డు ఉన్నవాళ్లకన్నా మీకే ఎక్కువ ఫలితం దక్కుతుంది. 5600జీ లాంటి ఒకే ముక్కగా చేసిన ప్రాసెసర్లలో ఎఫ్‌క్లాక్ 1800ని దాటి వెళ్లే అవకాశం బాగా ఎక్కువ. అందుకని 3600 స్థిరపడ్డాక 3800, 4000 కూడా ప్రయత్నించవచ్చు. ప్రతిసారీ ఎఫ్‌క్లాక్‌ని ర్యామ్ వేగంలో సగానికి చేత్తో పెట్టడం మర్చిపోకండి.

ప్రశ్న: ఏ620 బోర్డు, రైజెన్ 5 7600, 6000 డీడీఆర్5 స్టిక్స్. ఎక్స్‌పో (డీడీఆర్5కి ఏఎండీ తెచ్చిన, ఎక్స్‌ఎంపీ లాంటి ప్రొఫైల్) ఆన్ చేశాక కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తెర రావడానికి చాలాసేపు పడుతోంది. ఇంకా పైకి వెళ్లొచ్చా?

జవాబు: డీడీఆర్5 ట్రైనింగ్ మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టడం సహజం. ప్రతిసారీ పడుతుంటే బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్ చేయండి. ఒకసారి ట్రైనింగ్‌లో తేలిన విలువల్ని దాచుకుని మళ్లీ వాడుకుంటుంది. దాన్ని ఆన్ చేశాక బ్లూ స్క్రీన్లు మొదలైతే పవర్ డౌన్ ఎనేబుల్ కూడా ఆన్ చేసి చూడండి. చాలా బోర్డుల్లో ఈ రెండూ జతగా ఉంటేనే కుదురుగా ఉంటుంది. అయినా ఆగకపోతే కాంటెక్స్ట్ రిస్టోర్ ఆపేసి, ఆలస్యాన్ని భరించండి.

పైకి వెళ్లకండి. ఈ తరంలో మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా నడిచే హాయైన చోటు 6000. అక్కడినుంచి టైమింగులు బిగించుకోవడంలోనే లాభం. సాక్ వోల్టేజిని మాత్రం తప్పకుండా చూడండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ దాన్ని 1.30 దగ్గర కట్టడి చేసింది. మీ బయోస్ అంతకుముందుదైతే ఎక్స్‌పో ఆపేసి, ముందు అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే మళ్లీ ఆన్ చేయండి. 6000కి 1.20 నుంచి 1.25 సాధారణంగా సరిపోతుంది.